కుడికాలి గేరు

పోయిన వారం షట్టరు మోకాలెత్తున ఆగింది, దాని కింద రెండు చెప్పులు కనబడ్డాయి, కథ అక్కడ తెగింది. అవి ఎవరివా అని వారమంతా బుర్ర బద్దలుకొట్టుకున్నవారు ఇక నిశ్చింతగా ఉండవచ్చు. ఆయనవే. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెప్పుల్ని గుమ్మం పక్కన జతచేసి పెడుతున్న మనిషికి పైనున్న మొహం చూడాల్సిన పనిలేదు. ఏ చెప్పులు కొన్నా ఎడమదాని మడమే ముందు అరుగుతుంది. కోపం వస్తే ఆయన ఆ కాలి మీదే బరువేసి నిలబడతారు. ఆ పొద్దున షట్టరు కింద ఎడమ చెప్పు నేలకి అతుక్కుపోయి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. మన కళ్ళజోళ్ళావిడకి యాభై మూడేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆవిడ పని. ఆరు రోజుల కిందట ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మోటారుసైకిలు కొంది. ఒకరు వాడిన బండే. అమ్మినాయన డ్రాయింగు మాస్టారు, మొహమాటస్థుడు. వారంలోపు నచ్చకపోతే తెచ్చి ఇచ్చెయ్యండి, నేనేమీ అనుకోను అన్నాడు. ఆ వారం ఈ రోజుతో సరి.

అప్పటిదాకా బండిని దాచడానికి ఆవిడకి దొరికిన చోటు ఈ మెకానిక్ షెడ్డు. మెకానిక్కుని అందరూ నట్టు అంటారు. నలభై అయిదేళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, అయినా ఆ పేరు మాత్రం ఊడలేదు.

ఇక బండి. చిన్నది, సన్నది, తేలికైనది. కంకర దారులూ కొండ బాటలూ ఎక్కడానికి చేసిన అడ్వెంచర్ బండి. ముందు చక్రం పెద్దది. మడ్‌గార్డు పక్షి ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పొడుగు కాళ్ళు, ఇంజను కింద రాళ్ళు తగలకుండా రేకు, వెనక సామాను కట్టుకునే కడ్డీలు. ఆకుపచ్చకీ బూడిదకీ మధ్య ఎటూ తేలని రంగు. ఆవిడ దానికి మిడత అని పేరు పెట్టుకుంది. బరువు ఇద్దరు ఆడపడుచులంత. కాకపోతే ఇది చెప్పిన మాట వింటుంది.

సీటు ఎత్తు. మొదటి రోజు ఆవిడకి కాలి వేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. నట్టు సీటు విప్పి లోపలి స్పాంజిని రెండు వేళ్ళ మందం కోసేశాడు. ఇప్పుడు అరపాదం ఆనుతుంది. మిగతా అరపాదానికి ధైర్యం సరిపెట్టుకోవాలి.

నట్టు షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఆయన లోపలికొచ్చారు.

ఆయన ఎవరంటే, ఆవిడ మొగుడు, ఇరవై ఎనిమిదేళ్ళు లైసెన్సు మైదానంలో బండ్ల పరీక్ష చేసి రెండేళ్ళ కిందట రిటైరైన అధికారి. నేల మీద సుద్దతో పెద్ద ఎనిమిది గీయించి, కాలు కింద పెట్టకుండా దాని మీద తిరిగి రమ్మనేవారు. రానివాళ్ళని మొహం కూడా చూడకుండా ఫెయిల్ చేసేవారు. అందుకే ఆయన్ని ఎనిమిది సారు అంటారు. నట్టుని రెండుసార్లు ఫెయిల్ చేశారు. పాతికేళ్ళు గడిచినా ఆయన్ని చూడగానే నట్టు చేతిలోని స్పానరు వెనక్కి దాచాడు. ఎందుకు దాచాడో అతనికే తెలియదు.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. టైరు నొక్కారు. అద్దం సరిగ్గా ఉందో లేదో చూశారు. అప్పుడు అడిగారు, ఎవరిదని.

ఈ ప్రశ్నకి ఆవిడ ఆరు రోజులుగా పదకొండు వాక్యాలు తయారుచేసుకుంది. కొండ మీది పల్లెలకి దుకాణం తరఫున కళ్ళజోళ్ళు అందించాలి, వ్యాను అక్కడిదాకా పోదు, ముసలివాళ్ళు కిందికి దిగి రాలేరు, ఇలా ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి నిలబడ్డాయి. అన్నీ నిజాలే. అసలు నిజం మాత్రం వాటిలో లేదు. బండి స్టార్టు చేసిన ప్రతిసారీ ఆవిడకి ఇరవై మూడేళ్ళ వయసు తిరిగొస్తోంది. ఆ మాట మొగుడితో చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు.

"నాది," అంది.

పదకొండు వాక్యాలూ క్యూలోనే ఉండిపోయాయి.

ఎలా తెలిసిందని ఆవిడ అడగకముందే ఆయన చెప్పారు. నాలుగు రోజుల కిందట ఆవిడ పిక్క మీద గుండ్రటి నల్లటి దెబ్బ కనబడింది. మంచం కోడు తగిలిందంది. ఇరవై ఎనిమిదేళ్ళలో అలాంటి దెబ్బలు కొన్ని వేలు చూశారట ఆయన. మంచం కోడు తగిలితే అడ్డంగా గీరుకుంటుంది. గుండ్రంగా నల్లబడితే అది బండి ఫుట్‌రెస్టు. ఆ తర్వాత మూడు రోజులు ఊళ్ళోని షెడ్లన్నీ తిరిగారు. ఇది ఏడోది.

ఆవిడకి ఒక పక్క సిగ్గు, ఒక పక్క గర్వం. తన కోసం ఈ మనిషి ఏడు షెడ్లు తిరిగాడు. పెళ్ళైన కొత్తలో సినిమా హాల్లో తప్పిపోతే రెండు వరసలు కూడా వెతకలేదు.

దెబ్బ మాట మాత్రం నిజం. రెండో రోజు ఇసక మలుపులో మిడత జారి కూలబడింది. ఆవిడకి పెద్దగా ఏమీ కాలేదు. కాని బండిని లేపలేకపోయింది. దారిన పోయే ఇద్దరు వచ్చి లేపి, మనవల్ని పంపకపోయారా అమ్మా అని మర్యాదగా అడిగి వెళ్ళారు. ఆ మర్యాదే పిక్క మీది దెబ్బకన్నా ఎక్కువ నొప్పెట్టింది. అప్పటినుంచి రోజూ అద్దం అరగదీస్తూ అదే ఆలోచన. మాస్టారికి ఇచ్చెయ్యనా, ఉంచుకోనా?

ఆయన కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండుననిపించింది ఆవిడకి. కేకలకి జవాబు చెప్పడం ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఆయన చేసింది వేరు. సంచీలోంచి అట్టా, దానికి క్లిప్పు పెట్టిన పాత పరీక్ష ఫారమూ, సుద్దముక్కా తీశారు. రిటైరై రెండేళ్ళైనా ఇవి ఆయన సంచీలో ఎందుకున్నాయో అడగవద్దు. ఆవిడ కూడా అడగలేదు.

రెండు పరీక్షలు అన్నారు. పడ్డ బండిని ఒక్కతే లేపాలి. ఎనిమిది తిరగాలి. రెండూ అయితే బండి ఇంటికొస్తుంది, ఇక ఆయన నోరెత్తరు. ఏది తప్పినా మధ్యాహ్నంలోపు మాస్టారింటికి పోతుంది, ఆవిడ నోరెత్తకూడదు.

ఆవిడ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావే అని పాఠకులు కోప్పడవచ్చు. బండి ఆవిడది, డబ్బు ఆవిడది, కాళ్ళు ఆవిడవి. కాని లోపల తొలుస్తున్న అనుమానం కూడా ఆవిడదే. ఊళ్ళో వందమంది భేష్ అన్నా ఆ పురుగు చావదు. ఈ ఒక్క మనిషి పాస్ అంటే చస్తుంది.

"ఒక షరతు," అంది. "భార్యనని జాలిపడకూడదు. భార్యనని కసి తీర్చుకోకూడదు."

"మైదానంలో నాకు బంధువులు లేరు," అన్నారాయన. అది నిజమే. సొంత తమ్ముణ్ణి నాలుగుసార్లు ఫెయిల్ చేశారు. అతను ఇప్పటికీ సిటీ బస్సులోనే తిరుగుతున్నాడు.

షెడ్డు వెనక సిమెంటు వాకిలి ఉంది. ఒకప్పుడు లారీలు నిలిపిన చోటు. అవతల గేటు, గేటు దాటితే రోడ్డు. బండిని అక్కడికి తోసుకెళ్ళారు. కింద పడెయ్యమని నట్టుకి చెప్పారు సారు. నట్టుకి చేతులు రాలేదు. బండ్లు లేపడమే గాని పడెయ్యడం తన వృత్తిలో లేదన్నాడు. చివరికి ఆయనే హ్యాండిల్ పట్టుకుని, వంగి, దాన్ని కుడిపక్కకి మెల్లగా దించారు. పసిబిడ్డని చాప మీద పడుకోబెట్టినట్టే. ఆవిడ అది చూసింది. చూడనట్టు చీర కొంగు నడుముకి బిగించుకుంది.

మొదట ఆవిడ బండిని ఎదురుగా నిలబడి చేతుల్తో లాగింది. రెండో రోజు చేసిన తప్పే. మిడత జానెడు లేచి మళ్ళీ కూలబడింది. నట్టు గొంతు సవరించుకున్నాడు. సారు అతనివైపు చూశారు. నట్టు సవరించుకున్న గొంతుని మళ్ళీ చెడగొట్టుకున్నాడు.

ఆవిడ ఒక నిమిషం ఊరికే నిలబడింది. బండిని చూస్తూ ఇంట్లో పాత ఇనప బీరువా గుర్తుతెచ్చుకుంది. సున్నాలు వేయించేటప్పుడు దాన్ని ఏనాడూ చేతుల్తో జరపలేదు. వీపు ఆనించి కాళ్ళతో తన్నింది. అంతే. బండి గేరులో ఉందో లేదో చూసుకుంది, లేకపోతే లేస్తూనే దొర్లుతుంది. పైన ఉన్న ఎడమ పక్క స్టాండుని ముందే బయటికి లాగింది, లేకపోతే లేచినది అటు పక్కకి పడుతుంది. హ్యాండిల్ నేలవైపు తిప్పింది. బండికి వీపు పెట్టి కూర్చున్నట్టుగా వంగి, ఒక చేత్తో హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేసింది. మోకాళ్ళు ఏదో అన్నాయి. ఆవిడ వినిపించుకోలేదు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకి బరువు హఠాత్తుగా మాయమైపోయింది. మిడత స్టాండు మీద వాలి బుద్ధిగా నిలబడి ఉంది.

అయిదు రోజులుగా గుండెల మీద కూర్చున్న ఇద్దరు దారినపోయేవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

నట్టు చప్పట్లు కొట్టబోయి చేతులు తుడుచుకున్నాడు. సారు ఫారంలో టిక్కు పెట్టారు. ఆయన పెన్ను కొంచెం వేగంగా కదిలిందని ఆవిడకి అనిపించింది.

ఎనిమిదిని ఆయనే గీశారు. నడుం వంచి, వెనక్కి నడుస్తూ, ఒక్క గీత కూడా వంకర పోకుండా. రిటైరయ్యాక ఆయన మొహంలో ఇంత కళ ఎప్పుడూ లేదు.

ఆవిడ హెల్మెట్ పెట్టుకుంది, తర్వాత కళ్ళజోడు దూర్చింది, ఎక్కింది. మొదటి గుండ్రం బాగా వచ్చింది. బండి తేలిగ్గా ఒరిగింది, తేలిగ్గా లేచింది. రెండు గుండ్రాలు కలిసే చోట ఇంజను గొణుగుతోంది, గేరు మార్చమంటోంది. ముప్ఫై ఏళ్ళ కిందటి ఇరవై మూడేళ్ళ పిల్ల లోపలినుంచి ఒక్కసారి మేల్కొని, కుడికాలితో కిందికి నొక్కింది.

మిడతకి కుడికాలి కింద ఉన్నది బ్రేకు.

బండి ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. ఆవిడ పాదం నేలకి తగిలింది. తగిలిన చప్పుడు అంత చిన్న వాకిట్లో అంత పెద్దగా ఎందుకు వినబడిందో మరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆవిడ బండి నేర్చుకున్నది నాన్నగారి పాత బండి మీద. ఆ కాలపు బండ్లలో కొన్నిటికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ఆవిడ నాలుగేళ్ళు దాని మీద కాలేజీకి వెళ్ళింది. బుర్ర ఎన్ని కొత్త సంగతులు నేర్చుకున్నా కాలు మాత్రం మొదటి గురువునే నమ్ముతుంది.

సారు పెన్ను తీసి ఫెయిల్ అని కొట్టారు. ఆ పక్కన కారణం రాసే గడి ఉంటుంది. అక్కడ రాయడం మొదలుపెట్టారు. 'కుడికాలు' అని రాశారు. ఆపేశారు.

పెన్ను ఎంతసేపటికీ కదలకపోతే ఆవిడ దిగి వచ్చి చూసింది. మిగతా వాక్యం ఆవిడే పూర్తి చేసింది.

"అదుపులో లేదు. రాయండి. ఎందుకాగారు? ఇంతకుముందు రాసిందేగా."

రాసిందే. ఆ మైదానంలోనే, ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, నాన్నగారి బండి మీద వచ్చిన అమ్మాయిని ఫెయిల్ చేసి ఆయన రాసిన మాట అదే. ఎనిమిది తిరిగేటప్పుడు వెనక బ్రేకు ముట్టుకోకూడదని అక్కడి నియమం. కుడికాలు అదుపులో లేదు. ఆ మూడు మాటలతో ఆవిడ బండి వదిలేసింది. తనకి చేతకాని పనేనని నమ్మేసింది. తర్వాత ఆయన్నే పెళ్ళి చేసుకుంది. మనవాళ్ళు ఎంతోమంది ఇంతకన్నా చిన్న కారణాలకే చేసుకున్నారు.

ఆయన అట్టని రెండు చేతుల్తో పట్టుకుని నేల మీది సుద్దగీతతో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"నువ్వు ఆ రోజు పాసయ్యావు."

నట్టు లోపల పనుందని చెప్పి, లోపలికి మాత్రం వెళ్ళలేదు.

జరిగింది ఇది. ఆ రోజు ఆ అమ్మాయి కుడికాలు నొక్కడం చూసి బ్రేకు వేసిందనుకున్నారు ఆయన. ఫెయిల్ రాశారు. సాయంత్రం మైదానం వాచ్‌మన్ గేటు వేస్తూ, ఆ పాత బండికి కుడిపక్క గేరండీ సార్, ఆ అమ్మాయి చక్కగా తిప్పింది, ఎందుకు ఫెయిల్ చేశారు అని అడిగాడు. మర్నాడు పాస్ అని కొత్తగా రాసిన ఫారం జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. వాళ్ళ నాన్నగారు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, ఉద్యోగం ఏమిటని అడిగి వాతావరణం గురించి గంటసేపు మాట్లాడారు. ఫారం జేబులోనే ఉండిపోయింది. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాతి వారం కూడా. అయిదోసారి వెళ్ళినప్పుడు పెళ్ళి మాట నాన్నగారే ఎత్తారు.

ఆవిడ హెల్మెట్ తీసింది. జుట్టు చెదిరి మొహానికి అంటుకుంది.

"అంటే ముప్ఫై ఏళ్ళుగా నేను, మీరు నా కోసం మా ఇంటి చుట్టూ తిరిగారనుకుంటున్నాను. మీరు తప్పు దిద్దుకోవడానికి తిరిగారన్నమాట. కాదనలేక చేసుకున్నారు."

"మొదటి నాలుగుసార్లు ఫారం ఇవ్వడానికే వచ్చాను," అన్నారాయన. "అయిదోసారి ఫారం ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుని ఎక్కడ వదిలితే కోపం చల్లారిపోతుందోనని పళ్ళ బిగువున ఆపుకుంది. ఇంత కోపం మళ్ళీ ఎన్నాళ్ళకి దొరుకుతుందో, ఊరికే పోగొట్టుకోకూడదు. ఆ తర్వాతైనా చెప్పడానికి ముప్ఫై ఏళ్ళలో తీరిక దొరకలేదా అని అడిగింది. నువ్వు మళ్ళీ బండి మాట ఎత్తలేదు కదా అన్నారాయన. అదుపులో లేని కాలు పెట్టుకుని ఏమని ఎత్తుతానని ఆవిడ అడిగితే ఆయన అట్ట మీది క్లిప్పు సర్దారు.

"ఇంకోసారి తిరుగుతాను," అంది ఆవిడ. "ఆ రోజు మీరు బాకీపడ్డది."

ఆయన ఫెయిల్ మీద అడ్డంగా గీత కొట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఫారంలో కొట్టివేత ఉండడం అదే మొదటిసారని నట్టు ఆ తర్వాత ఊరంతా చెప్పాడు.

ఆ నట్టే ఇప్పుడు ధైర్యం చేసి దగ్గరికొచ్చాడు. ఈ బండి మొదటి గేరులోనే మనిషి నడకంత నెమ్మదిగా పోతుందనీ, ఎనిమిదికి గేరు మార్చే పనే లేదనీ చెప్పాడు. కుడి మడమ ఫుట్‌రెస్టు మీద ఆనించి వేళ్ళు పైకెత్తి ఉంచు అక్కా, అంతే అన్నాడు. ఆవిడకి తన తప్పు ఇంకొకటి కూడా తెలిసింది. పెట్టుకున్నది రెండు చూపుల కళ్ళజోడు. పై అద్దంలో దూరం, కింది అద్దంలో చదువు. సుద్దగీత కోసం కిందికి చూస్తే నేల పైకి లేచి వస్తోంది. మెట్లు దిగేటప్పుడు కింది అద్దంలోంచి చూడకండి బాబాయిగారూ అని రోజుకి ఇరవైమందికి చెప్పే మనిషి ఈ పని చేసింది. సంచీలోంచి దూరపు చూపు జోడు తీసి మార్చుకుంది. గీతని చూడడం మానేసింది. ఎటు పోవాలో అటు చూసింది.

ఆ తర్వాత జరిగింది ఆవిడకి పూర్తిగా గుర్తులేదు. క్లచ్చు పిడి వేళ్ళ కింద సగం పట్టు, సగం వదులు. ఇంజను కడుపులో పిల్లిలా గురగురలాడుతోంది. గోడ తిరిగింది, షెడ్డు తిరిగింది, నట్టు తిరిగాడు, ఆయన తిరిగారు. బండి కుడికి ఒరిగితే తను ఎడమకి, బండి ఎడమకి ఒరిగితే తను కుడికి, ఎవరూ నేర్పకుండానే. రెండు గుండ్రాలు కలిసే చోటు వచ్చింది, పోయింది. కుడికాలి వేళ్ళు గాలిలోకి లేచి ఉన్నాయి, చెప్పుకోవడానికి సిగ్గుచేటైన భంగిమలో. ఒకసారి తిరగమంటే ఆవిడ మూడుసార్లు తిరిగింది. మూడోసారి గట్టిగా నవ్వుతూ తిరిగింది. హెల్మెట్లో ఆ నవ్వు ఆవిడకే తిరిగి వినబడింది. ఎవరో చిన్నపిల్ల నవ్వు.

"పాస్," అన్నారాయన. ఫారం మీద సంతకం చేసి తేదీ వేశారు. బండి ఇంటికొచ్చేసినట్టే.

ఆవిడ రెండో గేరులో వాకిలి ఒక చుట్టు చుట్టి ఆయన ముందు ఆపబోయింది. రెండో గేరులోంచి మొదటి గేరులోకి, ఈసారి ఎడమకాలితో, సరిగ్గా దించింది. ఇంజను గొంతు మారింది. సన్నగా ఉన్నది లావైంది, మళ్ళీ సర్దుకుంది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి కూడా తెలుస్తుంది గేరు మారిందని. ఆవిడ చెవిలో ఆ చప్పుడు పడింది, దాని వెనకే ఒక ఆలోచన నడిచొచ్చింది.

బ్రేకు వేస్తే ఇంజను గొంతు అలా మారదు. గేరు వేస్తేనే మారుతుంది. ఒక్క రోజైనా బండి నడిపిన మనిషి చెవితోనే చెప్పేస్తాడు. వాచ్‌మన్ చెప్పాడు. నట్టైతే నిద్రలో చెబుతాడు.

ఆవిడ ఇంజను ఆపలేదు. సీటు మీదనుంచి ఆయన మొహంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళలో ఇంట్లో ఒక్క బండి లేకపోవడం, ప్రమాదాలు చూసి చూసి విరక్తి పుట్టిందని ఆయన చెప్పడం, ఆఫీసుకి సైకిలు, పెళ్ళిళ్ళకి బస్సు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"ఏమండీ, మీకు చప్పుడు వినబడలేదా ఆ రోజు?"

ఆయన సుద్దముక్కని జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"మీకు బండి నడపడం రాదు," అంది ఆవిడ.

మళ్ళీ షెడ్డులోకి జారుకున్న నట్టు పని చేస్తున్నట్టు కొడుతున్న సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"వచ్చని నేను ఎప్పుడూ అనలేదు," అన్నారాయన. ఆ రోజుల్లో ఆ ఉద్యోగానికి రాత పరీక్ష ఒక్కటే ఉండేదట. నియమాల పుస్తకం మొత్తం కంఠస్థం. మొదటి స్థానంలో వచ్చారు. నడపడం రేపు నేర్చుకుందాం, ఎల్లుండి నేర్చుకుందాం అనుకుంటుండగానే ఎనిమిది సారు అని పేరొచ్చేసింది. పేరొచ్చాక ఎవరి దగ్గరికెళ్ళి నేర్పమంటారు? ఊళ్ళో నడిపేవాళ్ళందర్నీ ఒక్కసారైనా ఫెయిల్ చేసి ఉన్నారాయె.

ఇది విన్నాక ఆవిడ కోపం ఎటు పోయిందో ఎంత వెతికినా కనబడలేదు. దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది. చెవుల దాకా పాకుతున్న ఉత్సాహం, పరీక్ష రాసేవాళ్ళది కాదు, పెట్టేవాళ్ళది.

ఆవిడ గేరు తీసేసి దిగింది. తన హెల్మెట్ తీసి ఆయన తలకి పెట్టి, గడ్డం కింద క్లిప్పు బిగించింది. చిన్నదై ఆయన బుగ్గలు ముందుకు తోసుకొచ్చాయి. చేతిలోంచి అట్ట తీసుకుంది.

"ఎక్కండి," అంది.

ఆయన వెనక సీటువైపు కదిలారు.

"వెనక కాదు. ముందు."

ఆయన కాదనలేదు. అదే వింత. కాలు తిప్పి ఎక్కారు. పొడుగు మనిషి, రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. ఆవిడకి అరక్షణం అసూయ కలిగింది. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు, నియమాల పుస్తకంలో బొమ్మలా. క్లచ్చు పట్టుకోమంటే పట్టుకున్నారు. ఎడమకాలితో కిందికి నొక్కమంటే నొక్కారు. గేరు పడింది. కుడి చెయ్యి మెల్లగా తిప్పమంది. ఆయన జీవితంలో ఏదీ సగం చేసిన మనిషి కారు. పూర్తిగా తిప్పారు. మిడత గుక్కపట్టి అరవడం మొదలుపెట్టింది.

ఎదురుగా సుద్దతో గీసిన ఎనిమిది. దాని అవతల, ఆ అరుపుకి భయపడి నట్టు ఎందుకో పరిగెత్తి వెళ్ళి బార్లా తెరిచిన గేటు. గేటు అవతల రోడ్డు, రోడ్డు మీద పొద్దుటి రద్దీ.

ఆయన హెల్మెట్లోంచి ఏదో అన్నారు. ఆ హోరులో ఆవిడకి మాటలు వినబడలేదు, కళ్ళు మాత్రం కనబడ్డాయి. వాటికి అరవై ఏళ్ళు లేవు.

క్లచ్చు ఒక్కసారిగా వదలకూడదు, వదిలితే బండి దూకుతుంది అన్న ముక్క ఒక్కటే చెప్పడం మిగిలింది. ఆవిడ నోరు తెరిచింది.

ఆయన వేళ్ళు తెరిచారు.